చిన్నసూది లేకుండా

నాలుగు గంటలకు జీపు బయల్దేరుతుందని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయరామయ్య నాకు రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి చేతి గడియారం చూపించి చెప్పాడు, రెండోసారి బేడీలు చూపించి చెప్పాడు. ఉప్పుకాలువ మిషన్ ఆస్పత్రి మెట్లెక్కేసరికి నా గడియారంలో మూడూ ఐదయింది. అంటే ఒక మనిషిని జైలు నుంచి తప్పించడానికి నాకు మిగిలింది యాభై ఐదు నిమిషాలు.

ఆ మనిషి పేరు ఎస్తేరమ్మ. ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చే నర్సు. మూడు రోజుల కిందట, సోమవారం పొద్దున, తోటపల్లి గూడూరు దగ్గరి రైతు హజరత్తయ్యకు ఇక్కడ హెర్నియా ఆపరేషన్ జరిగింది. పదిన్నరకల్లా కుట్లు వేసి వార్డుకు పంపారు. పదకొండుకు కళ్ళు తెరిచాడు, భార్యతో మాట్లాడాడు, మజ్జిగ అడిగితే ఇవ్వలేదని అలిగాడు కూడా. మధ్యాహ్నం రెండూ ఐదుకు ఊపిరాగి చచ్చిపోయాడు. ఎస్తేరమ్మ ఇచ్చిన మందే తిరగబెట్టి చంపిందని జయరామయ్య కేసు కట్టాడు. ఈ ఆస్పత్రి నడిపే డాక్టరు, సమాధానం అని పేరు, ఈరోజు ప్లీడరు కోసం నెల్లూరు పోతూ, దారిలో నా గది తలుపు తట్టి ఈ పని నాకు అప్పగించాడు.

"పది నిమిషాలు మాట్లాడుకో. ఏం చెంచయ్యా, పోలీసు ఉద్యోగం వదిలేసినా ఆ యావ పోలేదే నీకు," అన్నాడు జయరామయ్య.

"యావ కాదు సార్, కూడు," అన్నాను.

థియేటరు గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది ఎస్తేరమ్మ. ఏడేళ్ళలో జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేవలేదు.

"బాగుండారా చెంచయ్యగారూ. బీరువాలు తెరవమంటారా ఈసారి గూడా?"

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

యాభై ఏడులో నేను హెడ్ కానిస్టేబుల్ని, జయరామయ్య ఎస్సై. ఈ ఆస్పత్రిలో మత్తిచ్చి మనుషుల్ని కొడుతున్నారని ఊళ్ళు అట్టుడికిపోయాయి. కడుపు కోయించుకున్నవాడికి కడుపు నొప్పి పుట్టాలి గానీ, మర్నాడు మెడలూ పక్కటెముకలూ పిక్కలూ రోకలితో మొత్తినట్టు నొప్పి పుట్టడమేమిటి? ఒకరు కాదు, పదిమంది చెప్పారు. నేను వచ్చి ఎస్తేరమ్మ చేత బీరువాలన్నీ తెరిపించి కర్రల కోసం వెతికాను. కర్ర లేదు, ఎవరి ఒంటి మీదా కమిలిన మచ్చ లేదు. అయినా నిప్పు లేనిదే పొగ రాదనుకునే తెలివి నాది. 'అనుమానించదగిన పరిస్థితులు కనబడుతున్నవి' అని రిపోర్టు రాశాను. జయరామయ్య కింద సంతకం పెట్టాడు. మూడు నెలలు ఈ గేటు లోపలికి ఎవరూ రాలేదు. కాన్పు కష్టమైన పేరమ్మ అనే పిల్లను ఈ గేటు ముందునుంచే బండిలో నెల్లూరు తోలుకుపోయారు. ఆ పిల్ల దారిలోనే పోయింది. అది నేను ఏ రిపోర్టులోనూ రాయలేదు.

"బీరువాలు వద్దు. ఆ మందు సంగతి చెప్పండి," అన్నాను.

"ఏ మందు? మా దగ్గిర రెండుండాయి. పెద్దసూది, చిన్నసూది. డాక్టరుగారు నోరు తిరగని పేర్లు చెప్తారు. సక్సమెథోనియం అంట, గాలమిన్ అంట. ఊరోళ్ళు పెట్టిన పేర్లే మాకూ అలవాటైపోయినాయి."

"చంపిందేదని ఇన్‌స్పెక్టరు అంటున్నాడు?"

"చిన్నసూదని. దాన్ని నేను సొంత తెలివితో వేస్తా ఉండానంట." ఆమె నవ్విన నవ్వులో తడి లేదు. "పెద్దసూది కండలన్నీ వదులు చేస్తాది. అది పడితేనే డాక్టరుగారికి కొయ్యను వీలు. అయితే వదులయ్యే ముందర కండలన్నీ ఒకతూరి బిగిసి లటలట కొట్టుకుంటాయి. అరనిమిషమే. ఆ అరనిమిషానికే మర్నాడు ఒళ్ళంతా నొప్పులు. అదే రోజు లేచి తిరిగినోళ్ళకి ఇంకా జాస్తి. మీరు రాసుకోని పోయిన దెబ్బలు అయ్యే."

"తరువాత?"

"తరువాత మేమే కష్టపడి కనుక్కున్నాం. పెద్దసూదికి మూడు నిమిషాల ముందర చిన్నసూది రవ్వంత వేస్తే ఆ కొట్టుకోవడం ఉండదు. మర్నాడు నొప్పులుండవు. ఇప్పుడు ఊళ్ళల్లో చిన్నసూది వేసినావా అమ్మా అని అడక్కుండా బల్లెక్కేవాళ్ళు లేరు."

"హజరత్తయ్యకు వేశారా?"

ఆమె కిటికీ గట్టు మీదున్న నోటుబుక్కు తీసి ఇచ్చింది. నాలుగువందల పన్నెండు పేర్లు. పెద్దసూది పడగానే ఈమె రోగి పిక్క మీద అరచెయ్యి ఆనించి చూస్తుందట. కదిలితే కదిలిందని, లేకపోతే లేదని రాస్తుంది. మర్నాడు మంచం దగ్గరకు పోయి నొప్పి ఉందా అని అడిగి పక్కన రాస్తుంది. చివరి పేరు హజరత్తయ్యది. చిన్నసూది తొమ్మిదీ ముప్పై తొమ్మిది. పెద్దసూది తొమ్మిదీ నలభై రెండు. పిక్క కదలలేదు. మర్నాటి నొప్పి అన్న గడి ఖాళీగా ఉంది.

"చిన్నసూది ఒంట్లో ఎంతసేపుంటుంది?"

"అంత కొంచానికి అర్ధగంట. మహా అంటే ముప్పావుగంట."

"నాలుగు గంటల తరువాత తిరగబెట్టిందంటున్నాడే?"

"తిరగబెట్టేదానికి అదేమన్నా మలేరియా జొరమా?" అంది విసురుగా. "పన్నెండుకి నేనే ఎడమ పిర్రకి పెన్సిలిన్ వేసినా. బాగుండాడు. నా చెయ్యి బరువని ఎకసెక్కం ఆడినాడు. రెండు గంటలప్పుడు ఇక్కడ కత్తులు ఉడకబెడతా ఉండా, ఒక్కదాన్నే. ఆయన పెళ్ళాం అరిస్తే పరిగెత్తినా. అప్పటికే కట్టెగా ఉండాడు. చూసినోళ్ళు ఎవురూ లేరు, రాసుకోండి."

"పెద్దసూది మందు ఎక్కడుంటుంది?"

"కిరసనాయిలుతో నడిచే ఐసుపెట్టెలో, మందులగదిలో. తాళంచెవులు రెండే. ఒకటి డాక్టరుగారి దగ్గిర, ఒకటి నా మొలలో. డాక్టరుగారు ఆ రోజు పన్నెండుకే నెల్లూరు పోయినారు. పెట్టెకి కిరసనాయిలు పోసేది కాంపౌండరు దావీదు గానీ, తెరిచేది మేమిద్దరమే."

తాళంచెవి ఆమె మొలలో ఉంటే ఉరితాడు ఆమె మెడకే పడుతుంది. అది ఆమెకూ తెలుసు, అయినా దాచలేదు.

మూడూ పద్దెనిమిది. హజరత్తయ్య భార్య వెంకటశేషమ్మ మగవాళ్ళ వార్డు వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. వాఙ్మూలం మీద వేలిముద్ర వేయించుకోవడానికి జయరామయ్యే పిలిపించాడు. ఆ వాఙ్మూలంలో ఆమె మాట ఒక్కటి కూడా లేదని నేను పందెం కాయగలను.

"అక్కా, ఆఖరున ఎట్టా ఉండాడు ఆయన?"

"అందరూ అదే అడగతారు, చెప్తే ఎవురూ వినరు." కళ్ళు తుడుచుకోలేదు. ఏడుపు అయిపోయిన మనిషి ఆమె. "వేణ్ణీళ్ళ చెంబు పట్టుకోని వొచ్చినా. ముందర కనురెప్పలు కొట్టుకున్నాయి. నన్ను చూసి కన్నుగీటినాడేమో అనుకున్నా సామీ, ఈ వయసులో ఇదేందా అని. తరవాత దవడ. తరవాత భుజాలు, తొడలు, పిక్కలు. దమ్ము చేసిన మడిలో చేపపిల్లలు కదిలినట్టు తోలు కింద కదిలింది. మళ్ళా అంతా నిలిచిపోయింది. కళ్ళు మాత్తరం నన్నే చూస్తా ఉండాయి. మనిషి మెలకువగా ఉండాడు సామీ. పిలస్తా ఉంటే వింటా ఉండాడు."

పొద్దున బల్ల మీద కదలని పిక్క, మధ్యాహ్నం మంచం మీద కదిలింది.

"ఇది ఇన్‌స్పెక్టరుకు చెప్పినావా?"

"చెప్పినా. ఫిట్సు అని రాసుకున్నాడు."

"వేణ్ణీళ్ళు ఎవరు తెమ్మన్నారు?"

"అటు తిరిగి కూర్చోని మజ్జిగ్గిన్నె కడుగుతా ఉండా. అమ్మా, వొంటింట్లో వేణ్ణీళ్ళు పట్రా, కట్టు తుడవాల అని వెనకనించి మొగగొంతు. తిరిగి చూస్తే అడ్డంగా తెర లాగేసినారు. తెర కింద తెల్లకోటు అంచు కనిపించింది. అంతే."

"ఆయనకు ఎవరితోనైనా గొడవుండిందా?"

ఆమె గొంతు తగ్గించింది. "గొడవని కాదు. మా చిన్నకోడలు బాలింతజొరంతో పోయింది. పదునాలుగు పెన్సిలిన్ సూదులు కొని వేయించినాం, మంచినీళ్ళు పోసినట్టే. ఆఖరు సీసా మిగిలింది. అందులో పొడి నీళ్ళల్లో కరగలేదు, సున్నం మాదిరి అడుగున నిలిచింది. ఆపరేషన్ అయినాక ఆ సీసా డాక్టరుగారి చేతికిచ్చి అడగతానని మొలలో ముడేసుకోని వొచ్చినాడు, వార్డులో అందరికీ చెప్పినాడు గూడా. మనిషిని అప్పజెప్పినప్పుడు పంచె ఇచ్చినారు. అందులో ముడి లేదు."

"ఎవరి దగ్గర కొన్నారు?"

"మాకేం తెలుసు సామీ. ఆయనా మా చిన్నోడే పోయి తెచ్చేది. చిన్నోడు కోడలు పోయినాక ఇల్లు వదిలేసి పోయినాడు, యాడుండాడో తెలీదు."

వార్డు నుంచి వంటగదికి నేనే నడిచి చూశాను. పోవడానికి నిమిషంన్నర, రావడానికి నిమిషంన్నర, నీళ్ళు వంచుకోవడానికి ఒక నిమిషం. నాలుగు నిమిషాలు. తెర వెనకున్నవాడికి అది చాలింది.

హజరత్తయ్య పడుకున్న మూడో నంబరు మంచాన్ని ఆ రోజునుంచీ పోలీసులు ఎవరినీ ముట్టనివ్వలేదు. జయరామయ్య చేసిన మంచిపని అదొక్కటే, అదీ తెలియక చేసింది. దుప్పటిలో ఏమీ లేదు. దిండు కింద పొగాకు కాడ ఉంది. మంచం కింద ఉమ్మడానికి పెట్టిన ఇసుకడబ్బా ఉంది. పోలీసులు దాని జోలికి పోలేదు. పోలీసులు అసహ్యపడే చోటే వెతకాలన్నది సర్వీసులో నేను నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం. చెయ్యి పెట్టి కెలికాను. వేలికి చురుక్కుమని తగిలింది. రక్తంతో పాటు బయటికి వచ్చాయి రెండు గాజు ముక్కలు, సన్నటి మెడలు. పగలగొట్టిన మందుగొట్టాల మెడలు.

పెన్సిలిన్ వచ్చేది రబ్బరుమూత సీసాలో. దానికి పగలగొట్టే మెడ ఉండదు. పెద్దసూది వచ్చేది గాజుగొట్టంలో. ఆ గొట్టాలు పగలాల్సింది థియేటరులో, ఈ మంచం దగ్గర కాదు.

"అయ్యో, రక్తం కారతా ఉండాదే అన్నా!"

గుమ్మంలో కాంపౌండరు దావీదు. ముప్పై ఏళ్ళుంటాయి, మెత్తటి మనిషి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లకోటు. ఆస్పత్రిలో తెల్లకోటు వేసుకునే మగవాళ్ళు ఇద్దరే, ఇతనూ డాక్టరూ.

"ఏంది అవి?" అన్నాడు నా అరచేతిలోకి చూసి.

"గాజు ముక్కలు. సోమవారం రెండు గంటలకు ఎక్కడున్నారు మీరు?"

"మందులగదిలో పొట్లాలు కడతా ఉండా." ఆగాడు. నేల చూశాడు. "చెప్పకూడదు అన్నా. అన్నం పెట్టిన చెయ్యి. ఎస్తేరక్క జైలుకి పోతా ఉంటే మనసొప్పక చెప్తా ఉండా. డాక్టరుగారు ఆ రోజు నెల్లూరు పోయినట్టే పోయి, రెండు గంటలప్పుడు వెనకగేటున వొచ్చినారు. ఈ వార్డులోకి పోవడం కిటికీలోనించి చూసినా. ఎందుకొచ్చినారో నాకు తెలీదు. నా పేరు చెప్పబాకండి."

నేను నమ్మాను. ఎందుకు నమ్మానో కూడా చెబుతాను. చెడ్డ మాట ఇష్టం లేకుండా చెప్పేవాణ్ణి ఎవరైనా నమ్ముతారు. పైగా డాక్టరు దగ్గర తాళంచెవి ఉంది. నన్ను కుదిర్చింది కూడా తన మీదికి రాకుండా ఉండడానికేనేమో అనిపించింది. లోకంలో మంచివాళ్ళని పేరుపడినవాళ్ళ మీద నాకు ముందునుంచీ ఒక కసి ఉంది. ఆ కసి నాకు రంగు కళ్ళజోడు పెట్టింది.

"ఉమ్మితొట్టి ఇసక అన్నా. ధనుర్వాతం వొస్తే పదిరోజుల్లో మనిషి ఉండడు. సూది వేయించుకోని పోండి," అన్నాడు దావీదు. నా చెయ్యి పట్టుకుని మందులగదికి తీసుకుపోయాడు. వేలు కడిగాడు, కట్టు కట్టాడు. నా వైపు వీపు తిప్పి మందు ఎక్కించాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి భుజానికి వేశాడు. భుజం మండింది.

"ఇంత మందా?"

"ధనుర్వాతానికి జాస్తిగానే ఉంటాది అన్నా. దూది అట్నే ఒత్తి పట్టుకోండి."

అప్పుడు మూడూ నలభై రెండు. వసారా దాటి గేటు వైపు దాదాపు పరిగెత్తాను.

జీపు ఇంజను ఆన్ చేసి ఉంది. ఎస్తేరమ్మ రెండు చేతులకూ బేడీలు. ఆమె నోటుబుక్కు జయరామయ్య చంకలో.

"నాలుగన్నారుగా సార్!"

"నాకు ఆకలేసింది," అన్నాడు జయరామయ్య. "ఇదుగో, దొరికింది సాక్ష్యం. నాలుగువందల పన్నెండు మందిమీద మందుపరీక్షలు చేసి, తన చేత్తోనే రాసిపెట్టుకునింది. ఇంకేం కావాల?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి. ఏడేళ్ళ కిందట నొప్పి ఉందని ఆమె మీద రిపోర్టు, ఇప్పుడు నొప్పి లేకుండా చేసినందుకు కేసు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పుస్తకంలో ఆఖరుపేరు చదవండి. పిక్క కదలలేదని ఉంది. వెంకటశేషమ్మ ఏం చెప్పింది? రెండు గంటలప్పుడు ఒళ్ళంతా కొట్టుకుందని చెప్పింది. మీరు ఫిట్సు అని రాశారు. అది ఫిట్సు కాదు. చిన్నసూది లేకుండా పెద్దసూది పడితే అట్లా కొట్టుకుంటుంది. పొద్దున వేసిన చిన్నసూది అప్పటికి ఎప్పుడో దిగిపోయింది. మంచం దగ్గర ఎవరో మళ్ళీ పెద్దసూది వేశారు. ఇవిగో గొట్టాల మెడలు."

జయరామయ్య గాజుముక్కల్ని చూసి పెదవి విరిచాడు. "వేస్తే ఈమే వేసుండాల. తాళంచెవి ఈమెదే గదా."

"వేసి అక్కడే నిలబడుతుందా? సిస్టరుగారూ, పెద్దసూది నరానికి కాకుండా కండకు వేస్తే ఎంతసేపటికి పనిచేస్తుంది?"

"మూడు నిమిషాలకి," అంది ఎస్తేరమ్మ. ఆమె నా ముఖం వంక చూడడం లేదు, గాజుముక్కల వంక చూస్తోంది. "ముందర కనురెప్పలు. తరవాత దవడ. నరానికైతే ఐదు నిమిషాల్లో దిగిపోతాది. కండకి రెండు గొట్టాలు వేస్తే ఇరవై నిమిషాలు ఊపిరి ఆడదు."

"విన్నారా? వేసినవాడు తెర లాగి, ఆమెను వేణ్ణీళ్ళకు పంపి, సూది వేసి తీరిగ్గా నడిచిపోయాడు. వాడు తెల్లకోటు వేసుకున్నాడు, వాడి దగ్గరా తాళంచెవి ఉంది. రెండు గంటలకు వెనకగేటున వచ్చాడు. డాక్టర్ సమాధానం."

ఎస్తేరమ్మ ముఖం పాలిపోయింది. జయరామయ్య మాత్రం పగలబడి నవ్వాడు.

"ఒరే చెంచయ్యా! సోమవారం ఒంటిగంట నుంచి మూడుదాకా సమాధానం నెల్లూర్లో నా ఎదురుగా కూర్చోనుండాడు. ఆస్పత్రికి స్పిరిట్ పర్మిట్ కావాలని, ఎంక్వయిరీ కాగితం మీద నా సంతకం కోసరం. ఫోనొచ్చింది గూడా నా బల్లమీదికే. ఎవుడు చెప్పినాడు నీకు వెనకగేటు సంగతి?"

ఎవరు చెప్పారు?

ఆ ప్రశ్న నా లోపల ఇంకా పూర్తిగా దిగలేదు. తెల్లకోట్లు రెండే. ఒకటి నెల్లూరులో ఉంది. రెండోది ఐసుపెట్టెకు రోజూ కిరసనాయిలు పోస్తుంది, తాళం వేసే చెయ్యిని రోజూ చూస్తుంది, దానికి దొంగ తాళంచెవి చేయించుకోవడం ఎంత పని. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సున్నంపొడి పెన్సిలిన్ ఊళ్ళకు అమ్మగలిగినవాడు మందులగదిలో కూర్చునేవాడే. నా అరచేతిలో గాజుముక్కలు చూసినవాడూ వాడే.

ఎడమచేత్తో భుజం మీద దూది ఇంకా ఒత్తి పట్టుకునే ఉన్నాను. గడియారం చూశాను. మూడూ నలభై ఐదు.

నా కుడికన్ను రెప్ప కొట్టుకుంది.

"దా..." అన్నాను. దవడ బిగిసిపోయి రెండో అక్షరం రాలేదు. పళ్ళు వాటంతట అవే కటకటలాడాయి. భుజాలు, పొట్ట, తొడలు తలా ఒక దిక్కుకు లాగాయి. నేల వచ్చి ముఖానికి తగిలింది.

"ఏందిరా ఇది, నాటకమా?" అన్న జయరామయ్య గొంతు వినబడింది.

గొలుసు చప్పుడు. నా పిక్క మీద ఒక అరచెయ్యి పడింది, వెచ్చగా.

"కదలతా ఉండాది," అంది ఎస్తేరమ్మ. "ఇన్‌స్పెక్టరుగారూ, బేడీలు తియ్యండి. ఈయనకి ఎవురో పెద్దసూది వేసినారు. ఇంక ఒక నిమిషంలో ఊపిరి నిలిచిపోతాది."

"తీస్తే పారిపోతావు."

"తియ్యకపోతే ఈయన చస్తాడు. అప్పుడు మీ ఎదురుగా చచ్చినాడని రాసుకోవాల మీరు."

కదలడం ఆగిపోయింది. రెప్పలు వాలిపోయాయి. చీకటి. నేను ఊపిరి పీల్చమని నా రొమ్ముకు చెప్పాను. అది వినలేదు. చెవులు మాత్రం అన్నీ విన్నాయి. మనిషి మెలకువగా ఉండాడు సామీ, అన్న వెంకటశేషమ్మ మాట అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. భయం వేసింది. నా బతుకులో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

బేడీ తాళం తిరిగిన చప్పుడైంది. ఒక్కటే. రెండో చేతికి తీయలేదు ఆ మహానుభావుడు.

ఆమె నా తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. వసారాలో ఎవరో ఛీ అన్నారు. ఆమె మళ్ళీ ఊదింది. నడుమ నడుమ ఒక్కో మాట విసిరింది: "బల్ల తలకాడ... నల్ల రబ్బరు సంచి... మూతిమీద పెట్టే రబ్బరుగిన్నెతో గూడా... పరిగెత్తండి." జిల్లాలో అందరినీ పరిగెత్తించే జయరామయ్య బూట్లు థియేటరు వైపు పరిగెత్తడం విన్నాను. మరొకప్పుడైతే నవ్వేవాణ్ణి.

సంచి వచ్చింది. ముఖం మీద రబ్బరు ఒత్తుకుంది. గాలి లోపలికి వచ్చింది. ఆమె చేతికి వేలాడుతున్న ఖాళీ బేడీ ప్రతి ఊపిరికీ నా రొమ్ము ఎముకకు తగులుతోంది. ఆ దెబ్బ కోసం కాచుకుని బతికాను.

అప్పుడు మెత్తటి అడుగులు వినిపించాయి.

"అయ్యో పాపం! అక్కా, ఎంతసేపని ఒత్తతారు, చేతులు పడిపోతాయి. సంచి నాకియ్యండి. నేను చూసుకుంటా."

వద్దు అని అరిచాను. నా పెదవి కూడా కదలలేదు.

"ఇచ్చెయ్," అన్నాడు జయరామయ్య. "నీ చేతిలో ఇంకొకడు చస్తే నేనేం చెప్పుకోవాల? దావీదూ, పట్టుకో."

సంచి ఆగింది. ఒకటి. రెండు. మూడు. గాలి లేదు. ఇచ్చేస్తే ఆమె మీద నా చావు పడదు. ఇవ్వకపోతే, నేను పోతే, ఆమెకు రెండు ఖూనీలు. ఆమె లోకజ్ఞానం ఉన్న మనిషైతే ఇచ్చేయాలి. ఆమెను అంతగా అవమానించినవాణ్ణి నేను. నాలుగు. ఐదు.

గాలి వచ్చింది. బేడీ నా రొమ్ముకు తగిలింది.

"ఇయ్యను," అంది ఎస్తేరమ్మ. "ఇన్‌స్పెక్టరుగారూ, ఈయన చొక్కాచెయ్యి పైకి మడిచుండాది, చూడండి. భుజం మీద దూది అంటుకోనుండాది. వేలికి కొత్త కట్టుండాది. ఈ ఆస్పత్రిలో సూది వేసేది ముగ్గురం. డాక్టరుగారు ఊర్లో లేరు. మీరొచ్చినప్పటినుంచి నేను మీ కాపలాలో, మీ కళ్ళెదురుగానే ఉండా. ఈ కట్టు ఎవురు కట్టినారో మీరే అడగండి."

నా రొమ్ము మీద బేడీ రెండుసార్లు తగిలింది.

"దావీదూ," అన్నాడు జయరామయ్య. గొంతులో ఎకసెక్కం లేదు. "నీ కోటుజేబులో ఏముండాది? చెయ్యి బయటికి తియ్యి."

నేల మీద గాజు పగిలింది. మెత్తటి అడుగులు ఒక్కసారిగా గట్టి అడుగులయ్యాయి, వెనకగేటు వైపు. వాటి వెంట బూట్లు, ఈలలు, కేకలు. సైకిలు ఒకటి పడిన చప్పుడు, మళ్ళీ లేచిన చప్పుడు. వాడు దొరికాడో లేదో నాకు తెలియలేదు. బేడీ తాళంచెవి కూడా జయరామయ్య జేబులోనే పరిగెత్తిపోయింది.

జీపు దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆమె ఆగకుండా ఒత్తుతూనే ఉంది. అలిసిపోతోందని ఊపిరిలో తెలుస్తోంది. ఇంకా పదిహేను నిమిషాలైనా ఒత్తాలి.

ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

"వినపడతా ఉండాదని నాకు తెలుసు చెంచయ్యగారూ. చావరు, భయపడబాకండి. మీకు చిన్నసూది పడలేదు గదా, రేపు పొద్దున మెడా పక్కలూ పిక్కలూ రోకలితో మొత్తినట్టు నొప్పెడతాయి." ఒకసారి సంచి ఒత్తింది. "ఎవురూ కొట్టలేదని ఈసారన్నా రాయండి."